సరిహద్దు పార్టీల సొత్తు కాదు

అమెరికా, మెక్సికోల నడుమ సరిహద్దు పొడవు 1,954 మైళ్లు. పసిఫిక్ తీరాన శాన్ డియాగో దగ్గర మొదలై, అరిజోనా ఎడారిని, న్యూ మెక్సికో గడ్డిబీళ్లను దాటి, టెక్సాస్‌లో రియో గ్రాండే నది వెంట సముద్రం దాకా సాగుతుంది. ఆ గీతను ఆనుకుని తరతరాలుగా పశువుల మందలను నమ్ముకుని బతుకుతున్న రాంచ్ కుటుంబాలు ఉన్నాయి. రిపబ్లికన్లు, డెమొక్రాట్లు 30 ఏళ్లుగా సాగిస్తున్న వలస రాజకీయం ఖరీదు ఈ కుటుంబాల మీద, అందులోనూ ఇంటిని, మందను కలిపి నడిపే మహిళల మీద పడుతోంది. ఎన్నికల ప్రచారానికి వారి కష్టం పనికొస్తుంది. చట్టం రాసే వేళ వారి మాట ఎవరికీ గుర్తుకు రాదు. వలస నియంత్రణ అధ్యక్షుల ఉత్తర్వులతోనూ గవర్నర్ల ఆర్భాటాలతోనూ నడవకూడదు. రెండు పార్టీల సమ్మతితో కాంగ్రెస్ చేసే స్థిరమైన చట్టంతో నడవాలి. ఆ చట్టంలో సరిహద్దు నేల మీద బతికేవారి హక్కులకు చోటుండాలి.

ఆ నేలపై మహిళల ఆజమాయిషీ సరిహద్దు కంటే పాతది. రియో గ్రాండే దిగువ లోయ స్పెయిన్ ఏలుబడిలో ఉన్న రోజుల్లో డోన్యా రోసా మరియా హినోహోసా డి బల్లీ అనే మహిళ భర్త మరణించాక పశుసంపదను పెంచి, 1803లో కన్నుమూసే నాటికి 10 లక్షల ఎకరాలకు పైగా భూమికి యజమానురాలైంది. 1848 నాటి గ్వాడలూపె హిడాల్గో ఒప్పందంతోనే ఆ నది రెండు దేశాల సరిహద్దుగా ఖరారైంది. దక్షిణ అరిజోనా అయితే 1853 డిసెంబరులో కుదిరిన గాడ్స్‌డెన్ కొనుగోలు తర్వాతే అమెరికాలో కలిసింది. ప్రజలు సరిహద్దు దాటడానికి ముందే సరిహద్దు ప్రజలను దాటి వెళ్లింది.

అమెరికా రాంచ్‌ల ఎదుగుదలలో మెక్సికో శ్రమ మొదటి నుంచీ ఉంది. 1854లో కరవుతో అల్లాడుతున్న క్రుయియాస్ అనే మెక్సికో గ్రామం నుంచి రిచర్డ్ కింగ్ అనే రాంచర్ పశువులను కొని, ఆ ఊరివారినే టెక్సాస్‌లోని తన క్షేత్రానికి తరలించాడు. వారి నైపుణ్యంతోనే కింగ్ రాంచ్ నిలదొక్కుకుంది. 1885లో ఆయన మరణించాక అప్పులతో సహా ఆ క్షేత్రం భార్య హెన్రియెటా కింగ్ చేతికి వచ్చింది. 1925లో మరణించే వరకు, 40 ఏళ్ల పాటు, ఆమె యాజమాన్యంలో ఆ క్షేత్రం మరింత విస్తరించింది.

ఈ చరిత్రకు చీకటి కోణమూ ఉంది. 1918 జనవరి 28న టెక్సాస్‌లోని పోర్వెనిర్ అనే చిన్న పల్లెపై టెక్సాస్ రేంజర్లు, అశ్విక దళ సైనికులు, కొందరు స్థానిక రాంచర్లు కలిసి దాడి చేశారు. 15 మంది మెక్సికన్ సంతతి పురుషులను, బాలురను కాల్చి చంపారు. భర్తలను, కొడుకులను పోగొట్టుకున్న మహిళలు పిల్లలతో నది దాటి మెక్సికోకు పారిపోయారు. మృతులను కూడా నది అవతలే ఖననం చేశారు. శాసనసభ్యుడు జె.టి. కనాలెస్ పట్టుబట్టడంతో 1919లో రేంజర్ల అకృత్యాలపై విచారణ జరిగింది. నియంత్రణ పేరిట ఇచ్చే అధికారానికి జవాబుదారీతనం లేకపోతే ఏం జరుగుతుందో పోర్వెనిర్ చూపింది.

సరిహద్దు గస్తీ దళమైన బోర్డర్ పెట్రోల్ 1924లో ఏర్పడింది. 1942 నుంచి 1964 వరకు సాగిన బ్రసేరో పథకం లక్షలాది మెక్సికో కూలీలను చట్టబద్ధంగా అమెరికా పొలాలకు రప్పించింది. అందులో దోపిడీ ఉంది, కానీ రాకపోకలకు ఒక దారి కూడా ఉంది. ఆ పథకం ముగిసిన మరుసటి ఏడాదే, 1965 చట్టం పశ్చిమార్ధగోళం నుంచి వచ్చే వలసలకు తొలిసారి పరిమితి విధించింది. పొలాల్లో పని అలాగే ఉంది, కూలీల అవసరమూ అలాగే ఉంది, దారి మాత్రం మూసుకుపోయింది. నిన్నటి వరకు కాగితంతో వచ్చిన మనిషే నేరస్థుడిలా రాత్రిపూట రావలసి వచ్చింది.

రాంచ్‌ల ముంగిటికి ఈ సమస్యను తెచ్చింది 1994 నాటి వ్యూహం. ఎల్ పాసో, శాన్ డియాగో వంటి నగరాల దగ్గర గస్తీని కట్టుదిట్టం చేస్తే ఎడారికి, కొండలకు భయపడి వలసదారులు వెనక్కి తగ్గుతారని క్లింటన్ ప్రభుత్వం భావించింది. వారు వెనక్కి తగ్గలేదు. దారి మార్చుకుని అరిజోనాలోని సొనోరన్ ఎడారిలోకి, దక్షిణ టెక్సాస్ ముళ్లపొదల్లోకి వచ్చారు. టెక్సాస్‌లోని బ్రూక్స్ కౌంటీ సరిహద్దుకు సుమారు 70 మైళ్ల లోపల ఉంటుంది. అక్కడి ఫల్ఫూరియస్ తనిఖీ కేంద్రాన్ని తప్పించుకోవడానికి ప్రైవేటు రాంచ్‌ల ఇసుక నేలల్లో నడిచి, 2012 ఒక్క ఏడాదిలోనే వంద మందికి పైగా ప్రాణాలు వదిలారు. పేరు తెలియని ఎందరినో ఊరి శ్మశానంలో పాతిపెట్టారు. మరణాన్ని నియంత్రణ సాధనంగా వాడుకునే విధానం ఏ పార్టీ తెచ్చినా సమర్థనీయం కాదు.

2022 వ్యవసాయ గణన ప్రకారం అమెరికా సాగుదారుల్లో 36 శాతం మహిళలు. రాంచ్‌లో మహిళ పని ఇంటితో ఆగదు. ఈనే ఆవులను కనిపెట్టుకోవడం, దూడలకు టీకాలు, నీటి తొట్ల తనిఖీ, బ్యాంకు అప్పుల లెక్కలు ఆమె చేతిలో ఉంటాయి. పశువుల రాబడి చాలక, ఆరోగ్య బీమా కోసం బడిలోనో ఆసుపత్రిలోనో ఉద్యోగం చేసేవారూ తక్కువ కాదు. అమెరికా సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి సాండ్రా డే ఓ'కానర్ పెరిగింది కూడా అరిజోనా, న్యూ మెక్సికోల హద్దులోని లేజీ బి రాంచ్‌లోనే. ఇలాంటి జీవితంలో ఒక్క రాత్రి కంచె తెగితే ఆవులు రహదారి పాలవుతాయి. గొట్టం పగిలితే ఎండాకాలంలో మందకు నీళ్లుండవు. గస్తీ వాహనాలు తరిమితే దొంగరవాణాదారుల కార్లు గేట్లను గుద్దుకుంటూ పోతాయి. భర్త దూరాన ఉన్న వేళ తలుపు తట్టింది దాహంతో ఉన్న తల్లో, మత్తుమందుల ముఠా మనిషో తేల్చుకోవలసింది ఆ ఇంటి ఇల్లాలే. ఆమె భయాన్ని జాతివిద్వేషమని కొట్టిపారేయడం అన్యాయం. ఆమె నీళ్లిచ్చిన చేతిని దేశద్రోహమనడం అంతకంటే అన్యాయం.

చట్టం కూడా ఆమెకు అండగా లేదు. సరిహద్దుకు 25 మైళ్ల లోపు ప్రైవేటు భూముల్లోకి వారెంటు లేకుండా ప్రవేశించే అధికారం బోర్డర్ పెట్రోల్‌కు ఉంది. నివాసగృహాలకు మాత్రమే మినహాయింపు. కాలిఫోర్నియా, అరిజోనా, న్యూ మెక్సికోల్లో సరిహద్దు వెంట 60 అడుగుల పట్టీని 1907లోనే ఫెడరల్ ప్రభుత్వం తనకు కేటాయించుకుంది. టెక్సాస్‌లో నదీతీరం ఎక్కువగా ప్రైవేటు భూమి కాబట్టి గోడ కట్టాలంటే భూసేకరణ తప్పదు. 1931 నాటి చట్టం ప్రకారం, ప్రభుత్వం తాను అంచనా వేసిన పరిహారాన్ని కోర్టులో జమచేయగానే భూమి దాని పరమవుతుంది. అసలు ధర ఎంతన్న వాదన తర్వాత ఏళ్ల తరబడి సాగుతుంది. ఎల్ కలబోజ్‌కు చెందిన నర్సింగ్ ఆచార్యురాలు ఎలోయిసా తమేజ్ స్పానిష్ కాలం నుంచి తన కుటుంబానికి మిగిలిన 3 ఎకరాల కోసం కోర్టుకెక్కారు. ముందు సంప్రదింపులు జరపాలని 2008లో ఫెడరల్ న్యాయమూర్తి ఆండ్రూ హేనెన్ చెప్పారు. అయినా చివరికి ఆమె నేలను చీలుస్తూ ఇనుప కంచె లేచింది.

ఇందులో రెండు పార్టీలకూ వాటా ఉంది. 1986లో రీగన్ సంతకం చేసిన చట్టం సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. భవిష్యత్తులో రావలసిన కూలీలకు తగిన దారి మాత్రం వేయలేదు. సుమారు 700 మైళ్ల కంచెకు అనుమతించిన 2006 చట్టం సెనేట్‌లో 80-19 ఓట్లతో నెగ్గింది. ఒబామా, హిల్లరీ క్లింటన్ సైతం దానికి ఓటేశారు. 2013లో సమగ్ర సంస్కరణ బిల్లును సెనేట్ 68-32తో ఆమోదిస్తే, రిపబ్లికన్ల ఆధిక్యంలోని ప్రతినిధుల సభ దాన్ని చర్చకే తీసుకోలేదు. ఉద్యోగ గ్రీన్‌కార్డులపై దేశాలవారీ 7 శాతం పరిమితిని ఎత్తివేసే నిబంధన ఆ బిల్లులో ఉంది. దశాబ్దాలుగా గ్రీన్‌కార్డు వరసలో నిలబడిన తెలుగు కుటుంబాలకూ ఆ వైఫల్యంతో సంబంధం ఉంది. వ్యవసాయ కూలీల వీసాను ఏడాది పొడవునా చేసే పనులకూ విస్తరించే బిల్లు 2021 మార్చిలో ప్రతినిధుల సభలో నెగ్గింది. డెమొక్రాట్ల చేతిలో ఉన్న సెనేట్ దాన్ని ఓటింగుకు తేలేదు. 2024 ఫిబ్రవరిలో రిపబ్లికన్ లాంక్‌ఫర్డ్, డెమొక్రాట్ మర్ఫీ, స్వతంత్ర సభ్యురాలు సినెమా కుదిర్చిన సరిహద్దు ఒప్పందం ట్రంప్ వ్యతిరేకతతో సెనేట్‌లో 49-50 ఓట్ల దగ్గర కూలింది. సమస్య తీరితే నినాదం పోతుందన్న భయమే రెండు శిబిరాలను నడిపిస్తోంది.

రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. 2010 మార్చి 27న అరిజోనాలో రాంచర్ రాబర్ట్ క్రెంజ్ తన భూమిలోనే హత్యకు గురైతే, నెల తిరగకముందే, వలసదారుల పత్రాలను పోలీసులు తనిఖీ చేసే ఎస్‌బీ 1070 చట్టంపై గవర్నర్ జాన్ బ్రూవర్ సంతకం చేశారు. సవాలు చేసిన నాలుగు నిబంధనల్లో మూడింటిని 2012లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒక కుటుంబ శోకం పోలీసుల తనిఖీ చట్టానికి ప్రచారమైంది తప్ప, మారుమూల రాంచ్‌లకు భద్రత రాలేదు. టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ 2021లో ప్రారంభించిన 'ఆపరేషన్ లోన్ స్టార్' అనే సరిహద్దు భద్రతా కార్యక్రమం వెయ్యి కోట్లకు పైగా డాలర్లను మింగింది. అదే రాష్ట్రం 2023లో దెబ్బతిన్న కంచెలకు, పంటలకు పరిహారమిచ్చే పథకం తేవడం మాత్రం సరైన అడుగు.

ఏ పార్టీ అయినా సరిహద్దు మహిళలంతా తమవైపేనని చెప్పుకుంటే నమ్మకూడదు. గోడ కావాలనేవారున్నారు, దాహంతో ఉన్నవారి కోసం తమ భూమిలో నీటి పీపాలు పెట్టనిచ్చినవారున్నారు. ఆ రెండూ చేసినవారూ ఉన్నారు. మెక్సికన్ సంతతివారే అత్యధికులైన టెక్సాస్‌లోని స్టార్ కౌంటీ అధ్యక్ష ఎన్నికల్లో వందేళ్లకు పైగా డెమొక్రాట్లను గెలిపించి, 2024లో రిపబ్లికన్ వైపు తిరిగింది. కలిసి పనిచేయడం సాధ్యమేనని చూపినవారూ సరిహద్దులోనే ఉన్నారు. అరిజోనాలోని డగ్లస్‌కు తూర్పున వెండీ గ్లెన్, ఆమె భర్త వార్నర్, ఇరుగుపొరుగు రాంచర్లు 1994లో మాల్పాయి బోర్డర్‌లాండ్స్ గ్రూప్‌ను స్థాపించారు. రాంచర్లు, పర్యావరణవాదులు, శాస్త్రవేత్తలు, ప్రభుత్వ శాఖలు అందులో ఒకచోట కూర్చుని లక్షల ఎకరాల గడ్డిభూములను ముక్కలు కాకుండా కాపాడుకున్నారు. వంటింటి బల్ల దగ్గర కుదిరిన సయోధ్య వాషింగ్టన్‌లో కుదరకపోవడానికి సాకు లేదు.

కఠిన నియంత్రణ ఫలించిందన్న వాదనకు ఆధారం ఉంది. 2023 డిసెంబరులో ఒక్క నెలలోనే సుమారు 2,50,000 మంది సరిహద్దు దాటి పట్టుబడ్డారు. 2025లో ఆ సంఖ్య కొన్ని దశాబ్దాల కనిష్ఠానికి పడిపోయింది. రాంచ్ కుటుంబాలకు అది నిజమైన ఊరటే. కానీ ఒక అధ్యక్షుడి ఉత్తర్వుతో వచ్చిన ఊరట మరో అధ్యక్షుడి ఉత్తర్వుతో పోతుంది. అదే 2025 జులైలో గోడ కోసం 4,650 కోట్ల డాలర్లు కేటాయించిన చట్టం కూలీల దారి గురించి ఏమీ తేల్చలేదు. దేశం లోపల దాడులు, నిర్బంధాలు పెరిగితే మొదట ఖాళీ అయ్యేది పాడి క్షేత్రాలు, పొలాలే.

కాంగ్రెస్ చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. వ్యవసాయ కూలీల వీసా పాడి క్షేత్రాలకూ ఏడాది పొడవునా వర్తించాలి. యజమానిని మార్చుకునే హక్కు కూలీకి ఉండాలి. లక్షల్లో పేరుకున్న ఆశ్రయ కేసులను త్వరగా తేల్చేందుకు న్యాయమూర్తులను నియమించాలి. సరిహద్దు భూమిని ముందు స్వాధీనం చేసుకుని తర్వాత ధర తేల్చే పద్ధతి రద్దు కావాలి. గస్తీ వల్ల గానీ, దొంగరవాణా వల్ల గానీ నష్టపోయిన కంచెకు, గేటుకు, పశువుకు ఫెడరల్ పరిహారం అందాలి. వారెంటు లేని ప్రవేశానికి నమోదు, కారణం తప్పనిసరి చేయాలి. మారుమూల రాంచ్‌లకు ఫోన్ సంకేతాలు, అత్యవసర సేవలు, దాహంతో చిక్కుకున్నవారిని రక్షించే బృందాలు కావాలి. గోడ మార్గం, గస్తీ తీరు నిర్ణయించే సంప్రదింపుల మండళ్లలో భూమిపై పనిచేసే మహిళలకు చట్టబద్ధ స్థానం ఇవ్వాలి. వీటిలో ఏ ఒక్కటీ ఒక పార్టీ సిద్ధాంతానికి లొంగాల్సినది కాదు. 2013లో సెనేట్‌లో 68 ఓట్లు, 2021లో ప్రతినిధుల సభలో రెండు పార్టీల ఓట్లు దొరికాయి. వాటిని మళ్లీ కూడగట్టడం కాంగ్రెస్ బాధ్యత. అందుకు నిరాకరించే సభ్యులను, ఏ పార్టీవారైనా సరే, ఓటర్లు ఇంటికి పంపాలి.