కడుపునొప్పికి ఆముదమేనా?

కడుపు ఉబ్బి మెలికలు తిరిగే స్త్రీకి మన ఇళ్లలో మొదట దొరికేది వాము కషాయం, ఆపైన ఆముదం. "గ్యాసే, తగ్గిపోతుంది" అనేవారు ఎలాగూ ఉంటారు. అజీర్ణానికి వాము, మలబద్ధానికి ఆముదం మంచివేనని నేనూ అంగీకరిస్తాను. కాని ప్రేగు మూసుకుపోయినప్పుడు విరేచనౌషధం మేలు చేయకపోగా ప్రాణం మీదికి తెస్తుంది.

హెర్నియా అనగానే గజ్జలోనో, బొడ్డు వద్దనో కనిపించే ఉబ్బు గుర్తుకు వస్తుంది. పైకి ఏమాత్రం కనిపించని హెర్నియాలు కూడా ఉన్నాయి. గర్భాశయానికి ఇరుప్రక్కలా పరచుకొని ఉండే పలుచని పొరను బ్రాడ్ లిగమెంట్ అంటారు. పుట్టుకతోనో, కాన్పుల వల్లనో, పూర్వం జరిగిన ఆపరేషన్ వల్లనో అందులో రంధ్రం ఏర్పడితే, చిన్నప్రేగు మడత దానిలో దూరి బిగుసుకుపోవచ్చు. క్వెయిన్ అనే వైద్యుడు 1861లో శవపరీక్షలో చూసి దీనిని వర్ణించాడు. మొత్తం హెర్నియాలలో లోపలివి నూటికి ఒకటి కంటే తక్కువ; వాటిలోనూ ఇది అరుదు. కాన్పులైన నడివయసు స్త్రీలలోనే ఎక్కువగా కనబడుతుంది.

ఇంత అరుదైన దానిని గురించి గృహిణులకెందుకని కొందరు అడుగవచ్చు. పేరు గుర్తుండనక్కరలేదు, లక్షణాలు గుర్తుంటే చాలు. అలలు అలలుగా వచ్చే నొప్పి, ఆగని వాంతులు, ఉబ్బు, మలం గాని అపానవాయువు గాని వెడలకపోవడం. మొదట్లో ఒకసారి విరేచనమైనంత మాత్రాన నిశ్చింత తగదు. విడువని నొప్పిగా మారి, జ్వరం, నాడీవేగం తోడైతే ప్రేగుకు రక్తప్రసారం ఆగిపోతున్నదని అనుమానించాలి. స్త్రీల పొత్తికడుపు నొప్పిని నెలసరికి అంటగట్టడం మనకు అలవాటు. పైగా వంటపని ముగిసేదాకా వారు నోరు విప్పరు!

శస్త్రచికిత్స ఆయుర్వేదానికి పరాయిదనుకోవడం పొరపాటు. ప్రేగులలో అడ్డు ఏర్పడే వ్యాధిని సుశ్రుతుడు బద్ధగుదోదరమన్నాడు. నాభికి దిగువన, మధ్యరేఖకు నాలుగు వ్రేళ్లు ఎడమగా కోసి, ప్రేగులను వెలికితీసి పరీక్షించి, అడ్డును తొలగించి, తేనె, నెయ్యి పూసి యథాస్థానంలో ఉంచి కుట్టమన్నాడు. ఆ గ్రంథాన్ని గౌరవించేవారు ఇట్టి రోగికి ఆముదం పట్టడం నాకు వింతగా తోస్తుంది.

నేడు సీటీ స్కాన్‌తో అడ్డు ఎక్కడున్నదో చాలావరకు తెలుస్తుంది. ప్రేగును విడిపించి ఆ రంధ్రాన్ని మూసివేస్తారు. ఆలస్యమైతే కుళ్లిన ప్రేగును కొంత తీసివేయవలసి వస్తుంది. పై లక్షణాలు కనిపిస్తే, రాత్రి అయినా సరే, నోటికి ఏదీ ఇవ్వక శస్త్రవైద్యుడున్న ఆసుపత్రికి చేర్చండి. ఎన్ని కాన్పులయ్యాయో, పూర్వం ఏ ఆపరేషన్ జరిగిందో, వాంతి ఏ రంగులో ఉన్నదో వెంట వెళ్లేవారు చెప్పగలగాలి.