పాదానికి తగని బూటు, పిల్ల మీద పడ్డ నింద

స్త్రీల హక్కుల పత్రికలో చక్రాల బూట్ల గురించి రాయటమేమిటని కొందరికి అనిపించవచ్చు. వరకట్నం, గృహహింస, కనీస వేతనాలు ఇన్ని సమస్యలుండగా ఇదొక సమస్యా అని అడగవచ్చు. అడగటం న్యాయమే. అయితే ఆడపిల్ల శరీరం మీద ఆంక్షలు ఎప్పుడూ పెద్ద మాటలతోనే రావు. ఒక్కోసారి అవి బూటు సైజు రూపంలో వస్తాయి. 'ఈ పిల్లకి కాళ్లలో బలం లేదు' అనే అతి మామూలు మాట రూపంలో వస్తాయి. ఆ మామూలు మాటని కాస్త దగ్గరగా పరిశీలించాలన్నదే నా ఉద్దేశం.

మన జంట నగరాలకు స్కేటింగ్ కొత్తది కాదు. మారేడ్‌పల్లి, తార్నాక, సైనిక్‌పురి వైపు స్కూళ్లలోనూ అపార్ట్‌మెంట్ల ఆవరణల్లోనూ సాయంత్రాలు పిల్లలు చక్రాల మీద తిరుగుతూ కనిపిస్తారు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్య పతకాలు సాధించాడు. వాటిలో ఒకటి అవని పాంచల్‌తో జంటగా వచ్చింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 3000 మీటర్ల రిలేలో కార్తీక జగదీశ్వరన్, హీరల్ సాధు, ఆరతి కస్తూరి రాజ్, సంజన బత్తుల కాంస్యం గెలిచారు. నలుగురూ ఆడపిల్లలే. కనుక ఆడపిల్లలు చెయ్యగలరా అన్న ప్రశ్న ఇక్కడ లేదు.

ఆరేడేళ్ల పిల్లల క్లాసులో ఆడపిల్లలూ మగపిల్లలూ ఇంచుమించు సమానంగా ఉంటారు. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి ఆడపిల్లలు పలచబడతారు. నేను చూసిన క్లాసులన్నిటిలోనూ ఇదే వరస. ఎందుకని అడిగితే తల్లులు చెప్పే కారణాలు మనకు తెలిసినవే. పెద్దమనిషయింది, చదువు పెరిగింది, పడితే మొహం మీద మచ్చ పడుతుంది, వీధిలో అందరూ చూస్తారు. వీటి వెనకున్న పితృస్వామ్యం గురించి మనం చాలానే రాసుకున్నాం. కానీ వీటితోపాటు ఇంకో కారణం తరచు వినిపిస్తుంది. దాన్ని పిల్ల నోటనే చెప్పిస్తారు: 'నాకు రావట్లేదు. కాళ్లు వంకర పోతున్నాయి. నొప్పి.' నేర్పేవాళ్లు కూడా చీలమండలు బలహీనమని తేల్చేస్తారు. ఆ పిల్ల తొడుక్కున్న బూటుని మాత్రం ఎవరూ విప్పి చూడరు.

ఇన్‌లైన్ స్కేటులో మూడో నాలుగో చక్రాలు ఒకే వరసలో ఉంటాయి. శరీర భారమంతా ఆ సన్నని గీత మీద నిలబడాలి. నిలబెట్టేది బూటు. మామూలు చెప్పు వదులైతే కాలు జారుతుంది, బిగుతైతే బొబ్బలొస్తాయి, అంతే. స్కేటులో మడమ అర సెంటీమీటరు కదిలినా చాలు, చీలమండ లోపలికి ఒరిగిపోతుంది. చూసేవాళ్లకి అది పిల్ల బలహీనతలాగే కనిపిస్తుంది. అన్నకు కొన్న స్కేట్లలో తడబడే చెల్లెలికి, తన కొలతకు దగ్గరగా ఉన్న జత తొడిగించి చూడండి. చాలాసార్లు ఆ 'బలహీనత' పది నిమిషాల్లో సగం తగ్గిపోతుంది.

అసలు ఈ కొలతలు ఎవరివి? మన దుకాణాల్లో చెప్పే 4, 5, 6 నంబర్లు బ్రిటిష్ వాళ్లు తెచ్చిపెట్టినవి. ఒక నంబరుకీ తర్వాతి నంబరుకీ మధ్య తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. పూర్వం ఇంగ్లండులో ఒక యవగింజ పొడుగుని కొలతగా పెట్టుకున్నారు, అదే ఇది. 1806లో కంటోన్మెంటుగా పుట్టిన ఈ ఊళ్లో తెల్ల సిపాయిలు వెళ్లిపోయి ముప్పాతిక శతాబ్దం దాటినా వాళ్ల యవగింజ మన పిల్లల పాదాల కింద అలాగే ఉంది. పైగా ఆ నంబరు చెప్పేది పొడుగు ఒక్కటే. వెడల్పు, మడమ, పాదం వంపు దాని లెక్కలో లేవు.

స్త్రీ పాదం పురుషుడి పాదానికి చిన్న నమూనా కాదు. 2001లో అమెరికా పరిశోధకులు స్త్రీ పురుషుల పాదాల కొలతల్ని పోల్చారు. పొడుగు సమానంగా ఉన్నప్పుడు కూడా పాదం వంపు, బయటి పక్క, బొటనవేలు, వేళ్ల మొదళ్ల దగ్గర ఆకారం వేరుగా ఉందని తేలింది. మగవాళ్ల అచ్చుని కుదించి ఆడవాళ్ల బూటు చేస్తే సరిపోదని దీని అర్థం. మరి 'యూనిసెక్స్' అని డబ్బా మీద అచ్చువేసిన చవక స్కేట్లు ఏ అచ్చు మీద తయారవుతున్నాయో వేరే చెప్పక్కర్లేదు. గులాబి రంగు వేస్తే అది ఆడపిల్లల బూటయిపోతుంది. రంగు మారుతుంది, అచ్చు మారదు.

ఇక్కడ మన దేశంలోనే జరిగిన ఒక పని గురించి చెప్పాలి. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు 79 చోట్ల లక్షా పద్దెనిమిది వందల పైచిలుకు మంది పాదాల్ని యంత్రాలతో కొలిపించింది. మనవాళ్ల పాదాలు యూరపు, అమెరికా వాళ్ల పాదాలకంటే వెడల్పని తేలింది. దీని ఆధారంగానే 'భ' అనే భారతీయ సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. ఆ సర్వే చెప్పిన మరో సంగతి మనకు మరీ ముఖ్యం. సగటున ఆడపిల్లల పాదం పదకొండేళ్లకే పెరుగుదల ముగింపుకు వస్తుంది. మగపిల్లలకు పదిహేను, పదహారేళ్లు పడుతుంది.

దీన్ని స్కేట్లు కొనే దగ్గర పెట్టి చూడండి. చవక రకాల్లో ఎక్కువ భాగం 'అడ్జస్టబుల్'. మీట నొక్కితే ముందు భాగం జరిగి, ఒకే జత మూడు నాలుగు సైజులకు సరిపోతుంది. పెరిగే పిల్లలకు అది ఆదా. కానీ జరిగేది పొడుగు ఒక్కటే. మడమ గూడు, చీలమండ పట్టీ, ముందరి వెడల్పు ఉన్నచోటే ఉంటాయి. పన్నెండేళ్ల కుర్రాడికి రేపటి పాదం కోసం ఇవాళ కొంత వదులు భరించటంలో అర్థముంది. పన్నెండేళ్ల ఆడపిల్లకి ఆ రేపు దాదాపు వచ్చేసింది. ఆమె పాదం దాదాపు పెద్ద పాదమే. 'పెరుగుతుందిలే' అని రెండు నంబర్లు పెద్దది కొంటే ఆ వదులులోనే ఆమె ఎప్పటికీ ఉండిపోతుంది. సరైన కొలతలో ఒక మంచి జత కొంటే ఏళ్ల తరబడి పనికొచ్చేది సరిగ్గా ఈ పిల్లకే. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. ఎదుగుతున్నాడని కొడుక్కి కొత్త జత కొంటాం. 'వాడివి ఉన్నాయిగా, దీనికి మళ్లీ ఎందుకు' అని కూతురికి పాతవి ఇస్తాం. ఇది చెడ్డ తల్లిదండ్రుల సంగతి కాదు. డబ్బు తక్కువున్న ఇంట్లో ఎవరి అవసరం ముందు లెక్కకొస్తుందన్న సంగతి.

కాబట్టి చవక స్కేటుని చూసి బేరీజు వేయటం మనకు తెలిసుండాలి. ముందు పాదాన్ని కొలవాలి. సాయంత్రం పూట కొలవటం మంచిది, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. గోడకు మడమ ఆనించి కాగితం మీద పిల్లని నిలబెట్టి, పొడవైన వేలి దగ్గర గీత గీసి మిల్లీమీటర్లలో రాసుకోవాలి. వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పు కూడా కొలవాలి. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. షాపులో నంబరు కాదు, బూటు లోపలి పొడుగు ఎన్ని మిల్లీమీటర్లో అడగాలి. అది పాదం కంటే సెంటీమీటరుకు మించి ఎక్కువుంటే వద్దనాలి.

తర్వాత తొడిగి చూడాలి. క్లాసులో వేసుకునే మేజోళ్లతోనే తొడగాలి. మడమ వెనక్కి నెట్టి తాళ్లు, బకిల్ బిగించాక నిటారుగా నిలబడితే వేళ్లు ముందు అంచుని కొద్దిగా తాకాలి. మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి. అప్పుడు మడమ పైకి లేస్తే ఆ జత పనికిరాదు. చీలమండ ఎముక, బూటు కీలు ఒకే ఎత్తులో ఉండాలి. పట్టీని చేత్తో పక్కకి వంచి చూడండి. గుడ్డ సంచిలా వంగిపోతే అది అలంకారానికే గాని ఆసరాకి కాదు. పై అంచు పిక్కని కోస్తోందేమో పిల్లని అడగాలి. పదిహేను నిమిషాలు అలాగే ఉంచి, విప్పాక ఎక్కడెక్కడ ఎర్రబడిందో చూడాలి. షాపువాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

చక్రాలు గట్టి ప్లాస్టిక్‌వైతే నున్నటి గచ్చు మీద జారతాయి, తారు రోడ్డు మీద అదురుతాయి. పాలీయురెథేన్ చక్రం నేలను పట్టుకుంటుంది. బల్ల మీద పెడితే స్కేటు నిటారుగా నిలవాలి, ఏ పక్కకూ ఒరగకూడదు. బ్రేకు మరతో బిగించి ఉండాలి, అరిగితే మార్చుకునే వీలుండాలి. బేరింగుల మీద రాసే ఏబెక్ నంబరు తయారీలోని కచ్చితత్వాన్ని చెబుతుంది గాని, నేర్చుకునే పిల్లకు దానివల్ల వచ్చే తేడా లేదు. వెలిగే లైట్లకీ, బొమ్మలకీ ఇచ్చే డబ్బు దండగ. ఆ డబ్బుతో హెల్మెట్, మోకాలి, మోచేతి, మణికట్టు రక్షణలు కొనాలి. చవకలో రాజీ పడక తప్పదు. రంగులో, బరువులో, వేగంలో రాజీ పడవచ్చు. మడమ పట్టులో, చీలమండ ఆసరాలో పడకూడదు.

ఇదంతా మధ్యతరగతి పిల్లల ఆట కదా అని బస్తీల్లో పనిచేసే మిత్రులు అంటారు. చాలావరకు నిజమే. అయితే ఇప్పుడు దాతల డబ్బుతో సంస్థలు కూడా ఆట వస్తువులు కొంటున్నాయి. అలా కొనేటప్పుడు చిన్నది, పెద్దది అని రెండు సైజుల్లో టోకున తెస్తే ఎవరికి సరిపోతాయో వాళ్లే ఆడతారు. మిగిలినవాళ్లు గట్టు మీద కూర్చుంటారు. ఆ కూర్చునేవాళ్లలో ఎవరు ఎక్కువుంటారో మనకు తెలుసు. డబ్బు ఖర్చయిందని రిపోర్టు రాస్తాం. ఆడపిల్లలకు ఆసక్తి లేదని కూడా రాస్తాం.

ఆట దయ మీద ఇచ్చేది కాదు. 1989 బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆడుకునే హక్కుని గుర్తించింది. మన ప్రభుత్వం దాన్ని 1992లో అంగీకరించింది. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలనకు వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక 10వ అధికరణం క్రీడల్లో, వ్యాయామ విద్యలో సమాన అవకాశాలు ఉండాలంటుంది. దాన్ని 1993లో ఆమోదించాం. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆటస్థలమే కాదు, ఆట సామగ్రి కూడా ఉంది. పిల్ల శరీరానికి సరిపోని సామగ్రి ఇచ్చి అవకాశం ఇచ్చామనటం ఈ మాటల్ని కాగితానికే పరిమితం చెయ్యటం.

మనం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. స్కూళ్లు, సంస్థలు కొనేముందు ప్రతి పిల్ల పాదం కొలిచి జాబితా రాయాలి. పాదం పెరిగి పక్కన పడేసిన జతల్ని పోగుచేసి, లైబ్రరీ పుస్తకాల్లా కొలత ప్రకారం మార్చుకునే ఏర్పాటు పేటకొకటి పెట్టుకోవచ్చు. ఐదారు కుటుంబాలున్నా చాలు. తయారీదారులు డబ్బా మీద లోపలి పొడుగు, వెడల్పు మిల్లీమీటర్లలో అచ్చువెయ్యాలని, ఆడవాళ్ల పాదాల అచ్చు మీద కూడా చవక రకాలు తేవాలని మనం అడగాలి. ఆంబూరు ప్రాంతంలో బూట్ల ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసే చేతుల్లో అధిక భాగం స్త్రీలవే. వాళ్ల కూతుళ్ల పాదాలకు సరిపడే బూటు ఆ మిషన్ల మీద తయారుకావటం అసాధ్యమేమీ కాదు.

ఈసారి ఏ ఆడపిల్లయినా 'నావల్ల కాదు' అని స్కేట్లు విప్పి మూల పడేస్తే, ఆమెకు ధైర్యం చెప్పేముందు ఒక పని చేద్దాం. ఆ జతని చేతిలోకి తీసుకుని, అది ఎవరి కొలతకు కొన్నదో అడుగుదాం.