నడకకు ముందు నడక

దూరయాత్రకు సిద్ధపడుట మన పెద్దలకు తెలియని విద్య కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరి, 1831లో తిరిగి ఇల్లు చేరువరకు, ఏ మజిలీలో ఏ సామగ్రి దొరకునో, ఏ దారి ఎట్టిదో నాటిది నాడే వ్రాసి యుంచిరి. ఆయన వెంట గొప్ప పరివారము ఉండెను. అంతమందిని నడిపించుకొని పోవువానికి దారిని గూర్చిన ఎరుక అన్నముతో సమానము. ఆయన పల్లకిలో పోయిన మాట నిజమే, మోసినవారు వేరు. నేడు మన విద్యార్థులు కొండలలో చేయుచున్న యాత్రలలో మోతయు వారిదే, నడకయు వారిదే.

వేసవి వచ్చినంతనే అనేక పాఠశాలలును, యువజన సంఘములును పిల్లలను హిమాలయములకు పంపుచున్నవి. వీపున సంచి, దానిలో దుప్పటి, బట్టలు, తిండి. నాలుగైదు దినములు నడక. రాత్రి గుడారములో నిద్ర. ఇది మంచి పని. పదునాలుగేండ్ల పిల్లవాడు తన అన్నమును తానే మోసికొని కొండ నెక్కినచో, తల్లి నిత్యము మోయు బరువు ఎట్టిదో వానికి కొంత తెలియును. కాని ఈ యాత్రలకు బయలుదేరు తీరు చూచినచో నాకు భయము కలుగును. రుసుము వసూలు చేయుట, రైలు టిక్కెట్లు కొనుట, బజారులో క్రొత్త బూట్లు కొనుట: ఇంతటితో సన్నాహము ముగిసినదని తలంచువారు పెక్కుమంది.

2014వ సంవత్సరమున జరిగిన రెండు విషయములు ఇచ్చట చెప్పవలెను. ఆ ఏడు మే 25వ తేదీన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనందకుమార్ అను ఇద్దరు సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు ఎవరెస్టు శిఖరము నెక్కిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. ఆమె తల్లిదండ్రులు నిజామాబాదు జిల్లాలో వ్యవసాయ కూలీలు. ఆ పిల్లలు ఒక్కసారిగా ఎవరెస్టునకు పోలేదు. మొదట భువనగిరి రాతికొండపై చేతులు, కాళ్లు ఆనించుట నేర్చిరి. పిదప డార్జిలింగులోని పర్వతారోహణ సంస్థలో మంచుపై నడచుట నేర్చిరి. ఆ పిదప లడఖ్ చలిలో తమ శరీరములను పరీక్షించుకొనిరి. ఇన్ని మెట్లు దాటిన తరువాతనే పెద్దకొండ మొదలు చూచిరి.

సరిగా పదునాలుగు దినములకు, జూన్ 8వ తేదీన, హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో హైదరాబాదు నుండి విహారమునకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు ఇరువదినలుగురు కొట్టుకొనిపోయిరి. వారు నదిలోని బండలపై నిలిచియుండగా ఎగువ ఆనకట్ట నుండి విడిచిన నీరు క్షణములలో వచ్చి పడినది. తగిన హెచ్చరిక వారికి అందలేదు. ఆ బిడ్డలను తప్పుపట్టుట అన్యాయము. పిల్లలను క్రొత్తచోటికి తీసికొనిపోవువారు తెలిసికొనవలసినది మాత్రము ఇందులో ఉన్నది. మన గోదావరి నెమ్మదిగా పొంగును. ఒడ్డువారికి లేచి పోవుటకు వ్యవధి ఉండును. కొండయేరు అట్లు కాదు. ఎగువన ఆనకట్ట కలదా, నీరు ఎప్పుడు విడుతురు, ఏ బండపై ఊరివారు నిలువరు అని అడిగి తెలిసికొనక పిల్లలను నీటి దాపునకు పోనీయరాదు.

ఇక నడక మాట. బయలుదేరుటకు కనీసము రెండు నెలల ముందే పిల్లలు నడువ నారంభింపవలెను. తిరుపతి వారికి అలిపిరి మెట్లు ఉన్నవి. అవి సుమారు 3,550. కొండపల్లి వారికి కొండ ఉన్నది. కోనసీమ పిల్లలకు కొండ ఏది అని అడుగవచ్చును. కాలువగట్టు కలదు, పాఠశాల మేడమెట్లు కలవు. వీపున ఇసుకసంచి వేసికొని ముప్పది మారులు ఎక్కి దిగినచో ఏ కొండకును తీసిపోదు. దిగుటయు ఒక అభ్యాసమే. ఎక్కునప్పుడు రొమ్ము అలయును, దిగునప్పుడు మోకాళ్లు అలయును. రెండవదానిని మనవారు సాధారణముగా మరతురు.

బరువు మొదటి వారము కొంచెముగా ఉంచి, వారము వారము పెంచవలెను. పిల్లవాని బరువులో అయిదవ వంతునకు మించరాదు. నలువది కిలోల పిల్లవానికి ఎనిమిది కిలోలు: అందులోనే నీరు, తిండి, ఉన్నిబట్ట, వానకోటు అన్నియు ఇమడవలెను. కూర్చుండబెట్టి ఒకసారి తూచి చూపినచో పిల్లలే రెండవ అద్దమును, మూడవ చొక్కాను తీసివేయుదురు. బరువైన వస్తువులు వీపునకు ఆనునట్లు లోపల సర్దవలెను. దూరముగా ఉన్న బరువు మనిషిని వెనుకకు లాగును. క్రొత్త బూట్లతో కొండ నెక్కుట కంటె తెలివిమాలిన పని లేదు. రెండు నెలల నడకలో ఆ బూట్లు పాదమునకు అలవడవలెను. మడమపై పొక్కు లేచినవానికి హిమాలయమును చూచు ఆసక్తి ఉండదు, తన మడమ తప్ప వేరేదియు వానికి కనబడదు.

తిండిని గూర్చి ఒక్క మాట. ఎత్తున గాలి ఒత్తిడి తగ్గును. నాలుగువేల మీటర్ల ఎత్తున నీరు నూరు డిగ్రీలకు బదులు సుమారు ఎనుబదియేడు డిగ్రీలకే మరగును. కాబట్టి మన కందిపప్పు అచ్చట ఎంత సేపటికిని ఉడుకదు. అటుకులు, వేరుసెనగ ఉండలు, నువ్వుండలు, ముందే కలిపిన పులిహోర పులుసు మన వంటఇండ్లలో ఉన్నవే. అవి అచ్చట రాజభోజనము.

ఒత్తిడి తగ్గుట పప్పునకే గాక మనిషికిని చిక్కే. పార్వతీ నది లోయలో కసోల్ నుండి బయలుదేరి సర్ పాస్ అను కనుమను దాటు దారి మన యువకులకు బాగుగా తెలిసినది. ఆ కనుమ ఎత్తు సుమారు 4,200 మీటర్లు. అచ్చటి గాలిలో, సముద్రతీరమున దొరకు ప్రాణవాయువులో సుమారు అయిదింట మూడు వంతులే దొరకును. తలనొప్పి, వాంతి, అన్నముపై విరక్తి: ఇవి తొలి గుర్తులు. ఈ గుర్తులున్నవాడు మీదికి పోరాదు. తగ్గకున్నచో క్రిందికి దిగవలెను. బలముతో దీనికి సంబంధము లేదు. కబడ్డీలో జట్టునంతటిని ఓడించువాడు ఇచ్చట మొదట పడిపోవచ్చును. అట్టివాడే సిగ్గుచేత చెప్పక దాచును. తలనొప్పిని దాచుట ధైర్యము కాదని పిల్లలకు ఇంటివద్దనే చెప్పి యుంచవలెను.

బృందమును గూర్చిన మాట వేరు. నాకు ముఖ్యమైనది అదియే. బలహీనులను ఇంటివద్ద ఉంచి గట్టివారిని మాత్రము తీసికొనిపోయిన సరిపోదా అని కొందరు ఉపాధ్యాయులు అడుగుదురు. ఎవరెస్టునకు పంపువారు జల్లెడ పట్టిరి గదా అనియు అందురు. పట్టిరి, పట్టవలసినదే. అచ్చట ఎనిమిదివేల మీటర్ల పైన ఒకరు మరొకరిని మోయలేరు. కాని పాఠశాల యాత్ర జల్లెడ కాదు. ఉబ్బసము వంటి వ్యాధి కలవానిని గూర్చి వైద్యుడు నిర్ణయించును. ఆ నిర్ణయమునకు తిరుగు లేదు. తక్కిన వారిలో లావుగా ఉన్నవాడు, నెమ్మదిగా నడచువాడు, ఎన్నడును ఇల్లు విడువని పిల్ల, వీరిని విడిచిపోయినచో ఆ యాత్ర ఎవరికొరకు? గట్టివాడు గట్టిగా నడచుటలో వాడు క్రొత్తగా నేర్చినది ఏమున్నది? వానికి కష్టమైన పాఠము మెల్లగా నడచుట. రెండు నెలల సన్నాహములో సగము ఈ పాఠమునకే కేటాయింపవలెనని నా అభిప్రాయము.

అభ్యాసపు నడకలలో అందరికంటె మెల్లగా నడచువానిని ముందు నడపవలెను. వాని అడుగే అందరికిని అడుగు. చిట్టచివర ఒక పెద్దవాడు నడచును. ఆయన వెనుక ఎవరును ఉండరాదు. ముందువారు పోయి నీడన కూర్చుండి, వెనుకవాడు చేరినంతనే లేచి పోవుట మనవారి అలవాటు. అలసినవానికి విశ్రాంతి లేకపోవుటయు, అలయనివానికి రెండింతలు దొరకుటయు ఎంత వింత న్యాయము! వెనుకవాడు వచ్చి నీరు త్రాగి, ఊపిరి తీసికొన్న తరువాతనే విశ్రాంతి మొదలైనదని లెక్కింపవలెను. ఒకని సంచి బరువైనచో నలుగురు తలా ఒక వస్తువు తీసికొనవలెను, ఎగతాళి మాత్రము కూడదు.

వెనుదిరుగుటను కూడ అభ్యసింపవలెను. 1953 మే 26న చార్లెస్ ఇవాన్స్, టామ్ బూర్డిలన్ అను ఇద్దరు ఎవరెస్టుపై అంతకుముందు ఏ మనుష్యుడును చేరనంత ఎత్తునకు చేరిరి. శిఖరము ఇంక తొంబది మీటర్లు. పొద్దు ఎక్కినది, ప్రాణవాయువు యంత్రము మొరాయించినది. వారు తిరిగివచ్చిరి. మూడు దినములకు హిల్లరీ, టెన్సింగ్ ఆ శిఖరముపై నిలిచిరి. లోకము ఈ ఇద్దరి పేర్లు ఎరుగును. మొదటి ఇద్దరిని పాఠ్యపుస్తకములు తలంపవు. నా దృష్టిలో పిల్లలకు ముందుగా చెప్పవలసిన కథ ఆ మొదటి ఇద్దరిదే.

కావున ఏదో ఒక అభ్యాసపు దినమున, కొండకొమ్ము కనబడుచుండగానే, బృందమును వెనుకకు మరల్చి చూడవలెను. పిల్లలు గొణుగుదురు, కొందరు అలుగుదురు. అలుగనిండు. ఊరి కొండ మరునాడును అక్కడనే ఉండును. అసలు యాత్రలో వెనుదిరుగవలసిన గంటను బయలుదేరుటకు ముందే నిశ్చయించి, ప్రతి పిల్లవాని చేతను వ్రాయింపవలెను. కనుమ చేరినను, చేరకున్నను ఆ గంట కాగానే క్రిందికి దిగవలెను. దానిని మార్చుటకు నాయకునికి కూడ అధికారము ఉండరాదు. తల్లిదండ్రులను పిలిచి సంతకములు చేయించుకొను దినమున ఆ కాగితమును వారికి కూడ ఒకటి ఇయ్యవలెను. మా అబ్బాయి పైకి చేరునా అని అడుగు తండ్రికి ఉపాధ్యాయుడు ఆ గంటనే చూపవలెను.