తలనొప్పే కదా అంటే ఒప్పుకోను

"ఆడవాళ్లకి తలనొప్పి మామూలే!" మా పద్మారావు నగర్‌లో ఏ పేరంటానికి వెళ్లినా వినపడే మాట ఇది. మామూలేమీ కాదండీ. పార్శ్వపు నొప్పి, అదే మైగ్రేన్, మగవాళ్లకంటే మనకి దాదాపు మూడు రెట్లు ఎక్కువ. వెలుతురు చూడలేక, కడుపులో తిప్పుతూ, కుక్కర్ విజిల్‌కి తల పగిలిపోతున్నా వంట చేస్తే దాన్ని ఓర్పు అని పొగడటం అన్యాయం. భూదేవి అని బిరుదిస్తారు, గరిటె మాత్రం ఎవరూ అందుకోరు.

"ఓ మాత్ర వేసుకో, పోతుంది" అంటారు. మామూలు నొప్పి మాత్ర నెలకి 15 రోజులు, రెండు మూడు మందులు కలిసిన మాత్రయితే 10 రోజులు, అలా మూడు నెలలు దాటి మింగితే ఆ మాత్రే తలనొప్పి తెచ్చిపెడుతుంది. అసలు నొప్పి రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి: ప్రొప్రనొలాల్, ఎమిట్రిప్టిలిన్, ఫ్లూనరిజిన్. ఎవరికేది సరిపడుతుందో డాక్టరే చెప్పాలి. ఉబ్బసం ఉన్నవాళ్లకి ప్రొప్రనొలాల్ పనికిరాదు. నాకు అదే పనిచేసింది. నెలకి ఎనిమిదిసార్లు వచ్చేది రెండుసార్లకి దిగింది.

ఇంట్లో మగవాళ్లకి మోకాలు నొప్పంటే స్కానింగ్ దాకా పరిగెడతామే, మన తలకి తీరిక లేదా? డబ్బే అడ్డమైతే పక్కనే ముషీరాబాద్‌లో గాంధీ ఆస్పత్రి ఉంది, అందులో న్యూరాలజీ విభాగం ఉంది. పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే నొప్పి వచ్చిన రోజు, వేసుకున్న మాత్ర రాయండి. ఆ కాగితం పట్టుకుని ఈ నెలలోనే వెళ్లండి.