వంకాయ గురించి కొన్ని మాటలు

పెండ్లివిందులో గుత్తివంకాయకు, దావత్‌లో బఘారా బైంగన్‌కు గల గౌరవం మన పాఠకులకు చెప్పనవసరం లేదు. అటువంటి వంకాయ గురించి 2010 జనవరిలో హైదరాబాదులో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగింది. మరుసటి నెలలోనే బి.టి. వంగ సాగును కేంద్ర ప్రభుత్వం నిలిపివేసింది. ఆ నిర్ణయాన్ని పునఃపరిశీలించవలసిన సమయం ఆసన్నమైనదని మేము భావిస్తున్నాము.

వంగకు ప్రధాన శత్రువు కొమ్మను, కాయను తొలిచే పురుగు. కాయలో దూరిన పురుగుకు పైన చల్లిన మందు తగలదు. అందుచేత రైతు మరల మరల మందు కొట్టవలసి వస్తున్నది. ఆ విషం అతని ఊపిరిలోకి, మన పళ్లెంలోకి చేరుతున్నది.

నేలలో సహజంగా నివసించే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే సూక్ష్మజీవి జన్యువును శాస్త్రజ్ఞులు వంగలో ప్రవేశపెట్టారు. దానివలన మొక్కలో తయారయ్యే మాంసకృత్తు పురుగును చంపుతుంది. పురుగును చంపేది మనిషిని విడిచిపెడుతుందా అని కొందరు ప్రశ్నిస్తారు. ప్రశ్న సమంజసమే. పురుగు ప్రేగులు క్షారగుణం కలవి. ఆ మాంసకృత్తును పట్టుకొనే గ్రాహకాలు అక్కడ ఉన్నాయి. మన జీర్ణాశయం ఆమ్లగుణం కలది. ఆ గ్రాహకాలు మనలో లేవు. మార్కెట్టులోని జన్యుమార్పిడి ఆహారం మామూలు ఆహారం కంటే ఎక్కువ హానికరమనుటకు ఆధారం కనబడలేదని అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2016లో ప్రకటించాయి.

పొరుగున ఉన్న బంగ్లాదేశ్ 2013లో ఈ వంగకు అనుమతి ఇచ్చింది. 2014లో ఇరవైమంది రైతులతో సాగు మొదలైనది. అక్కడ విత్తనం ప్రభుత్వ పరిశోధనా సంస్థది. రైతు దానిని దాచుకొని మరుసటి ఏడు విత్తుకొనవచ్చు.

ఇది సర్వరోగ నివారిణి అని మేము అనము. 2002లో మన దేశానికి వచ్చిన బి.టి. ప్రత్తిని గులాబీరంగు పురుగు కాలక్రమాన తట్టుకొన్నది. చేనుచుట్టూ మామూలు ప్రత్తి వేయాలన్న నియమాన్ని సరిగా పాటించకపోవడం అందుకొక కారణం. కనుక అనుమతితోపాటు కట్టుదిట్టమైన పర్యవేక్షణ, బహిరంగ పరీక్షలు, రైతుకు విత్తనంపై హక్కు ఉండవలెనని మేము కోరుతున్నాము.

భయపడి తలుపు మూసుకొన్నంత మాత్రాన పురుగు పోదు, మందు డబ్బా కూడా పోదు. చేలో మూతికి గుడ్డ కట్టుకొని మందు కొడుతున్న రైతును కూడా ఒక సాక్షిగా పిలిచి, ఈ వ్యాజ్యాన్ని మరల విచారించవలెనని మా విన్నపం.