మాత్రయు మాటయు

తాను మ్రింగినదానిని తానెఱుగనివాడుండునా యని మనము తలతుము. కాని పోషకాహార పరిశోధకులకు మిక్కిలి చిక్కు గలిగించునది యీ చిన్న ప్రశ్నయే.

మన దేశమున 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూడుడు. గర్భవతులుగా నున్నప్పుడు ఇనుమును ఫోలిక్ ఆమ్లమును గల మాత్రలను నూఱు దినములైనను సేవించితిమని చెప్పిన తల్లులు నూటికి 44 మంది. 2015-16 సర్వేలో నిట్లు చెప్పినవారు 30 మందియే. అయినను ఆ నడుమ గర్భిణులలో రక్తహీనత నూటికి 50 నుండి 52కు పెరిగెను. కావున మాత్రలు నిష్ప్రయోజనములని తీర్పు చెప్పుదమా? తొందరపడరాదు. రక్తహీనతకు కారణము లనేకములు. అదియునుగాక, ఆ 44 అను సంఖ్యకు ఆధారమేమి? గడచిన ఐదేండ్లలో ప్రసవించిన తల్లిని "ఎన్ని దినములు మ్రింగితివమ్మా?" యని యడుగగా ఆమె చెప్పిన మాటయే.

ఆమె యబద్ధమాడెనని నేననను. ఏండ్లనాటి దినములను లెక్కపెట్టి చెప్పగలవారెందఱు? ఇనుప మాత్ర కొందఱికి కడుపులో వికారము పుట్టించును. అందుచే నడుమ మానినవారు, నిందకు వెఱచి, ఇచ్చినవన్నియు మ్రింగితిమనుటయు గలదు.

పరిశోధకులు దీనికి కొన్ని యుపాయములను పన్నిరి. అమెరికా జాతీయ సర్వేలో విటమిను సీసాలను తెప్పించి, పైచీటిని చూచి వ్రాసికొందురు. కాని సీసా యింట నున్నంత మాత్రమున మాత్ర కడుపున బడినట్లు కాదు. రక్తపరీక్షయు నొక సాక్షియే. ఎఱ్ఱకణము సుమారు 120 దినములు జీవించును గనుక, అందలి ఫోలేటు గడచిన నెలల సంగతిని దెలుపును. అయితే ఆకుకూరలనుండి వచ్చిన ఫోలేటును మాత్రనుండి వచ్చినదానిని అది వేఱుపఱుపజాలదు. కాల్షియము విషయమున రక్తము సాక్ష్యమే యియ్యదు. దేహము దానిని రక్తమున నెల్లప్పు డొక్క మట్టముననే యుంచును. కావున తుదకు మనుష్యుని మాటయే కావలసివచ్చుచున్నది.

విద్యార్థులారా, పాఠశాలలలో వారమున కొకటిగా నిచ్చు నీలిరంగు మాత్రకును ఇది వర్తించును. అందు 60 మిల్లీగ్రాముల ఇనుము గలదు. దానిని రహస్యముగా పాఱవైచి "మ్రింగితి" నన్న బాలిక తన రక్తమునకే కాక, ఆ లెక్కను నమ్మి మందు నిర్ణయించు వైద్యునికిని ద్రోహము చేయుచున్నది.

పెద్దల బాధ్యతయు తక్కువది కాదు. "లేదండి, మ్రింగలేదు" అన్న బిడ్డను గద్దించినచో, మఱునాటినుండి ఆ బిడ్డ "మ్రింగితి" నని చెప్ప నేర్చుకొనును. గద్దింపక కారణమడుగుడు; భోజనానంతరము మాత్ర నిచ్చి చూడుడు. నిజము చెప్పినవానికి భయములేని చోటనే లెక్కలు సత్యములగును.