తెర నేర్పునది, చేయి నేర్చునది



2022వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీని ఉక్రెయిను దేశమున యుద్ధము మొదలు కాగా, అచట వైద్యవిద్య నభ్యసించుచుండిన మన దేశపు బిడ్డలు వేలకొలదిగ కట్టుబట్టలతో ఇండ్లు చేరిరి. మా వీధిలోని యొక తల్లి కూతురును వారిలో నొకతె. ఆ పిల్లకు చదువులో నది కడపటి యేడు. మిగిలిన పాఠములను మేడమీది గదిలో కూర్చుండి ఫోనులో విని, జూను నెల ముగియకమునుపే పట్టము పొందెను.

అంతలో జులై 28వ తేదీని జాతీయ వైద్య కమీషనువారి నియమము వెలువడెను. ఇట్లు కడపటి యేట చదువు విడిచి వచ్చి, జూను 30వ తేదీలోపల పట్టము పొందినవారు విదేశపట్టభద్రుల పరీక్షకు కూర్చుండవచ్చును. అందు గెలిచిన పిమ్మట ఒక యేటికి బదులు రెండేండ్లు ఆసుపత్రిలో హౌస్ సర్జనుగా పనిచేయవలయును.

ఆ తల్లి మా యింటికి వచ్చి కన్నీరు పెట్టుకొనెను. "వదినగారూ, పొలము తాకట్టు పెట్టి చదివించితిమి. ఫోనులో విన్నను పాఠము పాఠమే గదా! పరీక్ష గెలిచినను మరియొక యేడు ఈ శిక్ష యెందులకు?" అని యడిగెను. అప్పుడు మేము తగిన బదులు చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్న మాత్రము మా మనస్సును విడువలేదు.

తెరవలన మేలు లేదని మేమనము. 2020వ సంవత్సరము మార్చి నెలలో కోవిడు మూలమున కళాశాలలు మూతపడినప్పుడు చదువు నిలువకుండ కాపాడినది తెరయే. గుండె చప్పుడులోని తేడాను యంత్రమున పట్టియుంచి నూఱుమార్లు వినవచ్చును. పదిమంది భుజముల వెనుకనుండి కానరాని శస్త్రక్రియను దగ్గఱగా చూడవచ్చును. కన్నును చెవియు నేర్వదగినవి తెర చక్కగా నేర్పును. చేతి మాట వేఱు.

గర్భిణిని పరీక్షించుట మనమందఱ మెఱిగినదే. ఆఱవ నెలకు గర్భాశయము ఇంచుమించుగా బొడ్డు మట్టమునకు వచ్చును. శిశువు తల యెటనున్నది, వీపు ఏ ప్రక్కనున్నది యనునది అరచేతులతో తడవియే తెలిసికొనవలయును. కాలియెముకమీద వ్రేలితో కొన్ని క్షణములు నొక్కి తీసిన, గుంట నిలిచినచో నీరు పట్టినదని గుర్తు. క్రిందిరెప్పను దించి చూచిన రక్తహీనత తెలియును. తెరమీద ఆ రంగే మాఱిపోవచ్చును. ఇంకొకటి: అత్తగారు ప్రక్కనుండగా కోడలు తన బాధలో సగమే చెప్పును. ఆ సంగతి గ్రహించి, పెద్దామెను మర్యాదగా వెలుపలికి పంపి, మిగిలిన సగమును వినుట ఏ తెరపాఠమున వచ్చును?

ఇది నేటి మాట కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున నొక యధ్యాయము అభ్యాసమునకే వినియోగింపబడినది. గుమ్మడి, సొర, పుచ్చ, దోస మున్నగు కాయలమీద కోతను, తామరతూండ్లమీద రక్తనాళమును పొడుచుటను, బొమ్మ యవయవములమీద కట్టు కట్టుటను శిష్యుడు నేర్వవలెనట. శాస్త్రమంతయు చదివినను ఈ యభ్యాసము లేనివాడు పనికి తగడని యచట తేల్చిరి. నేటి వైద్యకళాశాలలలోను బొమ్మలతో అభ్యాసము చేయించు గదులు కలవు. కాని కాయకు నొప్పి లేదు, బొమ్మకు భయము లేదు. కట్టకడపట శిష్యుడు మనుష్యుని మంచముకడకు రాక తప్పదు.

ఆ మంచముమీద నుండునది ఎవరు? మనమే, మన బిడ్డలే. కనుక ఈ చదువులో మనకును భాగము కలదు. బోధనాసుపత్రికి పోయినప్పుడు ఒక విద్యార్థిని వచ్చి "అమ్మా, చూడవచ్చునా?" యని యడిగినచో, ఒంట్లో ఓపిక యున్నప్పుడు సమ్మతింపుడు. పెద్ద వైద్యురాలు దగ్గఱ నుండవలెనని, తెర కట్టవలెనని, ఒకరి వెంట నొకరుగా పదిమంది తడవరాదని కోరుడు. ఇష్టము లేనిచో వలదని చెప్పుడు. అది మన హక్కు. అడుగకయే చేయి వేయువాడు వైద్యములో మొదటి పాఠమే నేర్వలేదు.

ఆ తల్లి బాధయు న్యాయమైనదే. యుద్ధము ఆ పిల్ల తెచ్చినది కాదు. అదనపు యేట కాగితములు మోయించి పంపిన నది శిక్షయే యగును. మంచముకడ నిలిపి నేర్పిననే అది చదువగును. నేర్పవలసిన భారము పెద్దలది.

ఆ పిల్ల రెండేండ్లును ముగించికొని మొన్న మా యింటికి వచ్చెను. మొదటిసారి యొక గర్భిణిని చూచినప్పుడు శిశువు తల క్రిందనున్నదని చెప్పెనట. పెద్ద వైద్యురాలు మందలింపక, ఆమె చేతిమీద తన చేయి యుంచి, మెల్లగా పైకి జరిపి, "ఇది తల, అది పిఱుదులు" అని చూపెనట. "పిన్నిగారూ, ఆ బొమ్మను ఫోనులో ఎన్నిమార్లో చూచితిని. ఆనాటికి గాని నా చేతికి తెలియలేదు" అనెను.

రెండేండ్ల క్రిందట మేము చెప్పలేకపోయిన బదులు అదియే. తల్లి ప్రక్కనే యుండి వినెను. ఈమారు కన్నీరు పెట్టుకొనలేదు.